ఎవరూ లేనిచోట పిలుపు వినపడితే: అది ఎప్పుడు జబ్బు, ఎప్పుడు కాదు

రాత్రిపూట ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి పిలిచేదాకా పలకొద్దని నెల్లూరు, ఒంగోలు వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతుంటారు. ‘ఓ స్త్రీ రేపు రా’ అని తలుపుల మీద రాసుకున్న రోజులు నలభై దాటిన చాలామందికి గుర్తే. దయ్యం ఇంట్లోవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందని అప్పటి భయం. దయ్యం సంగతి పక్కన పెడదాం. పక్కన మనిషి లేకుండా మనిషి గొంతు వినపడటం మాత్రం నిజంగా జరిగేదే. ఏ జబ్బూ లేనివాళ్ళకూ జరుగుతుంది.

ఈ మాట ఎవరితోనన్నా చెప్పుకుంటే వెంటనే వచ్చే జవాబులు రెండు. పక్కింటామె ‘గాలి సోకింది, తాయెత్తు కట్టించండి’ అంటుంది. ఫోన్‌లో వెతికితే మొదటి వరసలోనే ‘స్కిజోఫ్రేనియా’ అని ఓ పెద్ద మానసిక జబ్బు పేరు వస్తుంది. ఇద్దరిదీ ఒకటే తొందర. ఆ గొంతు ఎప్పుడు వినపడింది, ఏమంది, ఆ తర్వాత మనిషి ఎలా ఉన్నాడు అని ఇద్దరూ అడగరు. అసలు సంగతంతా ఆ ప్రశ్నల్లోనే ఉంది.

గొంతు వినపడటం అంటే ఏది, ఏది కాదు

‘కరెంటు బిల్లు కట్టాలి’ అని మనసులో అనుకుంటాం. ఆ మాట మనదేనని మనకు తెలుసు. మిక్సీ తిరుగుతుంటే ఫోను మోగినట్టుంటుంది. అక్కడ బయట శబ్దం ఉంది, మనం దాన్ని వేరేగా పోల్చుకున్నాం. చెవిలో గుయ్‌మంటుంటే అది చాలాసార్లు చెవికి సంబంధించిన విషయం. ఈ మూడింటినీ డాక్టర్లు ‘వాయిస్’ కింద లెక్కపెట్టరు.

బయట శబ్దమేమీ లేకుండా, మెలకువగా ఉన్నప్పుడు, వేరే మనిషి మాట్లాడినట్టు మాటలు వినపడితే దాన్ని శ్రవణ భ్రాంతి అంటారు, ఇంగ్లీషులో ఆడిటరీ హాల్యూసినేషన్. కొందరికి అది చెవికి ఆనుకుని వినపడుతుంది, కొందరికి తలలోనే వినపడుతుంది. తలలోనైనా సరే, ‘ఇది నా ఆలోచన కాదు, ఎవరో అంటున్నారు’ అనిపించడం దాని గుర్తు.

దీంతో కలిపేసి గందరగోళపడే ఇంకోటి డెల్యూజన్, అంటే ఎంత చెప్పినా సడలని తప్పుడు నమ్మకం. ‘పక్కింటివాళ్ళు గోడలో మైకు పెట్టి నన్ను తిడుతున్నారు’ అనేవాడి విషయంలో రెండు సంగతులున్నాయి. తిట్లు వినపడటం ఒకటి. గోడలో మైకుందని తీర్మానించుకోవడం ఇంకొకటి. మొదటిది ఉండి రెండోది లేనివాళ్ళు చాలామంది ఉంటారు.

లెక్కలు ఎందుకు ఒకదానికొకటి కలవవు

ఈ లెక్క తీయడం కొత్తేమీ కాదు. ఇంగ్లండులో సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ అనే సంఘం దాదాపు 17,000 మందిని అడిగి 1894లో నివేదిక వేసింది. పూర్తి మెలకువలో ఉండగా, లేనిది కనపడటమో వినపడటమో తాకినట్టు అనిపించడమో జరిగిందా అని అడిగారు. పదిమందిలో ఒకరు అవునన్నారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో సర్వేలు జరిగాయి. గొంతులు వినపడటం మీద వచ్చిన సర్వేలన్నిటినీ 2011లో ఒకచోట చేర్చి చూస్తే అతి తక్కువ అంకె 0.6 శాతం, అతి ఎక్కువ 84 శాతం. మధ్యలో నిలిచిన అంకె 13.2.

ఇంత తేడా చూసి సర్వేలన్నీ బూటకం అనుకోనక్కర్లేదు. కావలి బస్టాండులో వందమందిని ఆపి ‘ఎప్పుడన్నా ఎవరో పిలిచినట్టు అనిపించి వెనక్కి తిరిగి చూశారా?’ అని అడిగితే చేతులు బోలెడు లేస్తాయి. ‘జ్వరం గానీ మందు గానీ నిద్రమత్తు గానీ లేనప్పుడు’ అని చేరిస్తే చాలా చేతులు దిగిపోతాయి. ‘పోయిన నెలలో, ఒక్క పిలుపు కాకుండా వాక్యాలుగా’ అంటే మిగిలేది ఒకటో రెండో. ప్రశ్న మారితే అంకె మారుతుంది. ఎవరి ముందు అడుగుతున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అత్తగారు పక్కన కూర్చుని వింటుంటే ఏ కోడలు అవునంటుంది!

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 18 దేశాల్లో 31 వేలమందిని ఒకే పద్ధతిలో అడిగిన సర్వే ఫలితాలు 2015లో వచ్చాయి. జీవితంలో ఒక్కసారన్నా గొంతు విన్నవాళ్ళు 2.5 శాతం. 2018లో పాత సర్వేలన్నీ కలిపి వేసిన లెక్కలో పెద్దవాళ్ళకు 5.8 శాతం, పిల్లలకు 12.7 శాతం వచ్చింది.

ఈ అంకెల్ని ఒక ఊరికి అన్వయించి చూద్దాం. పెద్దవాళ్ళు 3,000 మంది ఉన్న ఊరు అనుకోండి. 2.5 శాతమంటే 75 మంది, 5.8 శాతమంటే 174 మంది. మనదేశంలో బెంగుళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం స్కిజోఫ్రేనియా, అలాంటి సైకోసిస్ (ఏది నిజమో ఏది భ్రమో తేడా తెలియని స్థితి) జబ్బులు జీవితంలో ఎప్పుడన్నా వచ్చినవాళ్ళు 1.4 శాతం, అంటే 42 మంది. వేర్వేరు సర్వేల అంకెలు కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి ఇంతమంది అని తేల్చలేం. కానీ 18 దేశాల సర్వేలో, సైకోసిస్ అని డాక్టరు చెప్పినవాళ్ళను ముందే పక్కన పెట్టి మిగిలినవాళ్ళనే లెక్కించారు. కాబట్టి మన ఊళ్ళో ఆ 75 మందీ జబ్బు పేరు పడని మనుషులే: రేషన్ క్యూలో, పొలంలో, పొదుపు సంఘం మీటింగులో రోజూ కనపడేవాళ్ళే. ఇలాంటి అనుభవాలున్నాయన్నవాళ్ళలో మూడింట రెండొంతుల మందికి అవి జీవితం మొత్తంలో అయిదుసార్లకు మించలేదు.

రొయ్యల గుంట దగ్గర రాత్రి కాపలా

నెల్లూరు జిల్లాలో ముత్తుకూరు నుంచి అల్లూరు దాకా సముద్రం పక్కన ఏ ఊరికి వెళ్ళినా రొయ్యల గుంటలే. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నీళ్ళకు గాలి పట్టించే మోటార్లు, ఏరియేటర్లు, రాత్రంతా తిరగాల్సిందే. కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ వెయ్యాలి, లేకపోతే రొయ్య చచ్చి తేలిపోతుంది. కాపలా మనిషి షెడ్డులో నడుం వాలుస్తాడే గానీ చెవి మాత్రం మోటారు మీదే ఉంటుంది. మోత ఆగితే లేవాలి, యజమాని పిలిస్తే లేవాలి. అలాంటివాడు వరసగా కొన్ని రాత్రులు సరిగా నిద్రపోకుండా గడిపాడనుకోండి. రెండు దాటాక ఏరియేటర్ హోరులోంచి ‘రేయ్ శీనా’ అని స్పష్టంగా వినపడుతుంది. టార్చి వేసి గట్టంతా తిరిగి చూస్తాడు. ఎవరూ ఉండరు.

ఇతని చెవి చెడిపోలేదు. వినడమంటే చెవిలో పడ్డ శబ్దాన్ని మెదడు ఉన్నదున్నట్టు దించుకోవడం కాదు. ఏం వినపడబోతోందో అది ముందే ఊహించుకుని, వచ్చిన శబ్దంతో సరిచూసుకుంటుంది. శబ్దం అస్పష్టంగా ఉండి, ఎదురుచూపు బలంగా ఉంటే ఊహదే పైచేయి అవుతుంది. మన పేరు కోసం చెవి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఇలాంటప్పుడు తరచూ వినపడేది పేరే. దీనికి నిద్రలేమి తోడైతే సరేసరి. నిద్రలోకి జారేటప్పుడు, నిద్ర లేచేటప్పుడు ఇలాంటి అనుభవాలు ఇంకా మామూలు. బ్రిటన్‌లో 1996లో వచ్చిన ఒక సర్వేలో 37 శాతం మంది నిద్రలోకి జారేటప్పుడు లేనివి కనపడటమో వినపడటమో ఉందన్నారు.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంవాళ్ళు దీన్ని 2017లో ప్రయోగం చేసి చూశారు. తెర మీద ఒక బొమ్మ, దాంతోపాటు ఒక చిన్న శబ్దం. కొంతసేపయ్యాక శబ్దం తగ్గించి, కొన్నిసార్లు పూర్తిగా తీసేసి బొమ్మ మాత్రమే చూపించారు. దాదాపు అందరూ ఎప్పుడో ఒకసారి లేని శబ్దం విన్నామన్నారు. రోజూ గొంతులు వినే అలవాటున్నవాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువసార్లు విన్నామన్నారు. వాళ్ళలో జబ్బున్నవాళ్ళూ ఉన్నారు, ఏ జబ్బూ లేకుండా ‘మాకు ఆత్మలు చెబుతాయి’ అనేవాళ్ళూ ఉన్నారు. ఈ ఇద్దరికీ తేడా వేరేచోట కనపడింది. ‘ఇప్పుడు శబ్దం రావడం లేదు’ అని అభిప్రాయం మార్చుకోవడం సైకోసిస్ ఉన్నవాళ్ళకు కష్టమైంది. ఇందాక చెప్పిన రెండు సంగతులు, వినపడటమూ నమ్మకమూ, ఇక్కడ కూడా విడివిడిగానే ఉన్నాయి.

ఇంకో వివరణ కూడా ఉంది. మనల్ని మనం గిలిగింతలు పెట్టుకుంటే నవ్వు రాదు, ఎందుకంటే చెయ్యి కదిలించే ముందే మెదడు ‘ఇది నా పనే’ అని తనకు తాను కబురు పెట్టుకుంటుంది. లోపల మాట్లాడుకునేటప్పుడు కూడా అలాంటి కబురే వెళుతుందని, అది సరిగా అందకపోతే సొంత మాటే పరాయి గొంతులా తోస్తుందని కొందరు శాస్త్రవేత్తల అభిప్రాయం. గొంతులు వినపడుతున్న సమయంలోనే తీసిన మెదడు స్కాన్లలో మాటను పుట్టించే భాగం పనిచేస్తూ కనపడిందని 1993లో లండన్ పరిశోధకులు చూపించారు. అన్ని గొంతులకూ ఈ వివరణ సరిపోదు. నలుగురు వేరేవేరే మనుషులు మాట్లాడుకుంటున్నట్టు వినపడితే అదంతా సొంత మాటే అనడానికి మనసొప్పదు.

పోయినవాళ్ళు పిలిస్తే

భర్త పోయి మూడు నెలలైన పెద్దామె. సాయంత్రం ఆయన ఇంటికొచ్చే వేళకు గుమ్మంలోంచి ‘ఏమే, మంచినీళ్ళియ్యి’ అని వినపడుతుంది. చెంబు తీసుకుని లేచి, మళ్ళీ కూర్చుంటుంది. కొడుక్కి చెబితే టెన్షన్ పడతాడని చెప్పదు.

వేల్స్‌లో రీస్ అనే డాక్టరు 1971లో ఇలాంటివాళ్ళనే వెతికి వెతికి అడిగాడు. జీవిత భాగస్వామి పోయిన 293 మందిలో దాదాపు సగంమందికి పోయినవాళ్ళు దగ్గరున్నట్టు ఏదో ఒక రకంగా అనిపించింది. గొంతు విన్నవాళ్ళు 13 శాతం. ఎక్కువమందికి అది భయం కాకుండా ఊరటనిచ్చింది. ఎక్కువమంది ఆ మాట అంతకుముందు ఎవరికీ చెప్పలేదు కూడా. దుఃఖంలో ఇది మామూలేనని డాక్టర్లు ఇప్పుడు ఒప్పుకుంటారు. మన దగ్గర పెద్దకర్మ అయ్యేదాకా ఆత్మ ఇంటి చుట్టూ తిరుగుతుందనే నమ్మకం ఉంది కాబట్టి ఆ రోజుల్లో ఎవరన్నా ‘వినపడింది’ అంటే ఇంట్లో పెద్దగా ఆశ్చర్యపోరు. కర్మలన్నీ అయిపోయాక నెలల తరబడి వినపడితేనే ఆ మనిషికి చెప్పుకునే చోటుండదు.

అదే గొంతు, తేడా ఎక్కడ

ఒంగోల్లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే కుర్రాడిని తీసుకుందాం. ఆరునెలలుగా ఇద్దరు మనుషులు తన గురించి మాట్లాడుకుంటున్నట్టు వినపడుతోంది. ‘చూడు, అన్నం తింటున్నాడు. సిగ్గులేనోడు.’ మొదట్లో రూమ్మేట్లే అనుకున్నాడు. తర్వాత మెస్‌కు వెళ్ళడం మానేశాడు. పరీక్ష రాయలేదు. స్నానం చేయమంటే విసుక్కుంటాడు. అమ్మ ఫోను చేస్తే ‘మన ఫోను వింటున్నారు, పెట్టెయ్’ అంటాడు.

కాపలా మనిషికీ, పెద్దామెకూ, ఈ కుర్రాడికీ వినపడింది మనిషి గొంతే. నెదర్లాండ్స్‌లో గొంతులు వినే ఆరోగ్యవంతుల్ని, సైకోసిస్ ఉన్నవాళ్ళను, రెండు వైపులా వందమందికి పైగా తీసుకుని 2011లో పోల్చి చూశారు. ఎంత గట్టిగా వినపడుతుంది, లోపలా బయటా, ఎన్ని గొంతులు అనే విషయాల్లో పెద్ద తేడా లేదు. గొంతు ఏమంటోందన్న దాంట్లో పెద్ద తేడా ఉంది. జబ్బున్నవాళ్ళకు ఎక్కువగా తిట్లు, బెదిరింపులు, అదీ తరచుగా. ఆపుదామన్నా తమ చేతుల్లో ఉండదు. ఆరోగ్యవంతుల్లో ఇది చిన్నప్పుడే, సగటున పన్నెండేళ్ళ దగ్గర మొదలైంది. రోగుల్లో ఇరవై దాటాక.

డాక్టర్ల పుస్తకం కూడా ఈ దారిలోకే వచ్చింది. అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎమ్‌లో పాత పద్ధతి ప్రకారం, ఆ కుర్రాడికి వినపడ్డట్టు ఇద్దరు మాట్లాడుకుంటున్నా, చేసే ప్రతి పనికీ వ్యాఖ్యానం వినపడుతున్నా, ప్రధాన లక్షణాల్లో ఆ ఒక్కటే స్కిజోఫ్రేనియాకు సరిపోయేది. 2013లో వచ్చిన అయిదో కూర్పులో ఆ వెసులుబాటు తీసేశారు. ఇప్పుడు కనీసం రెండు ప్రధాన లక్షణాలు నెలపాటు ఉండాలి, మొత్తం ఇబ్బంది ఆరునెలలు సాగాలి, చదువో పనో మనుషులతో మెలగడమో దెబ్బతినాలి. కుర్రాడి విషయంలో డాక్టరును ఆలోచనలో పడేసేది గొంతులతోపాటు మెస్, పరీక్ష, ఫోను.

గొంతు వినపడగానే మనసు జబ్బేనని అనుకోవడం ఇంకో రకంగా కూడా పొరపాటు. రోజూ బాగా తాగేవాడు హఠాత్తుగా మానేస్తే రెండుమూడు రోజుల్లో గొంతులు వినపడవచ్చు. చెమటలు, వణుకు, మతి తప్పడం కూడా ఉంటే ప్రాణానికే ముప్పు, అది అత్యవసరం. ముసలివాళ్ళకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌తోనో జ్వరంతోనో రావచ్చు. మూర్ఛ, గంజాయి, వినికిడి తగ్గడం కూడా కారణాలే. బాలింతకు ప్రసవమైన మొదటి వారాల్లో నిద్రపట్టక గొంతులు మొదలైతే అది కూడా వెంటనే చూడాల్సిన సంగతే, ‘బాలింత గాలి’ అని వదిలేసేది కాదు.

చెన్నైలో వినపడిన గొంతులు

నెల్లూరోళ్ళకు పెద్దాస్పత్రి అంటే చాలాసార్లు చెన్నైయే. ఈ విషయంలో ప్రపంచమంతా చెప్పుకునే పరిశోధనల్లో ఒకటి జరిగింది కూడా అక్కడే. స్టాన్‌ఫర్డ్ మానవశాస్త్రవేత్త తాన్యా లూర్మన్, చెన్నైలోని స్కిజోఫ్రేనియా రీసెర్చ్ ఫౌండేషన్ డాక్టర్లు కలిసి చెన్నైలో, కాలిఫోర్నియాలో, ఘనా దేశపు అక్రాలో ఇరవై మంది చొప్పున రోగులతో మాట్లాడారు. అందరికీ జబ్బు ఉంది, అందరికీ గొంతులున్నాయి.

కాలిఫోర్నియావాళ్ళు గొంతును దాడిలాగా చెప్పారు. చంపమని, హింసించమని వినపడటం ఎక్కువ. తమకేం జబ్బో పేరుతో సహా చెప్పారు. అక్రాలో చాలామంది దేవుడి మాట అన్నారు. చెన్నైలో సగానికి పైగా తల్లి, అత్త, అక్కచెల్లెళ్ళు, ఇలా చుట్టాల గొంతులు విన్నామన్నారు. అవి ఏమంటాయంటే: వంట చెయ్యి, ఇల్లు ఊడువు, స్నానం చెయ్యి. తిట్టే గొంతులూ ఉన్నాయి, అసభ్యంగా మాట్లాడేవీ ఉన్నాయి. కానీ ఆ తిట్లు కూడా ఇంట్లో పెద్దవాళ్ళ తిట్లలాగే ఉన్నాయి.

మన సంస్కృతి గొప్పదని చెప్పుకోవడానికి దీన్ని వాడేసినవాళ్ళున్నారు. మొత్తం అరవై మందితో అంత పెద్ద మాట అనలేం, పైగా చెన్నైలో ఆ ఇరవై మందీ జబ్బుతో బాధపడుతున్నవాళ్ళే. ఇందులోంచి తీసుకోదగ్గ విషయం వేరు: చుట్టూ ఉన్నవాళ్ళు మనిషితో ఎలా మాట్లాడతారన్నది లోపలి గొంతు మీద కూడా పడుతుందేమో. ఉమ్మడి కుటుంబాలు విడిపోయి పిల్లలు బెంగుళూరు, హైదరాబాదు పీజీ హాస్టళ్ళకు చేరాక ఆ గొంతుల సంబంధం ఎలా మారుతుందో ఎవరన్నా అడిగి చూడాలి.

జాతర, దర్గా, ఆస్పత్రి

పోలేరమ్మ జాతరలో పూనకం వచ్చినామె అమ్మవారి మాట చెబుతుంది. ఊరంతా దండం పెడుతుంది, మర్నాడు ఆమె పొలంలో కలుపు తీస్తుంటుంది. దాన్ని జబ్బు అనడం లేదు వైద్యశాస్త్రం. ఒక సంప్రదాయంలో అందరూ ఒప్పుకున్న అనుభవాన్ని, అది మనిషిని కుంగదీయనంతవరకూ, రోగం కింద రాయకూడదనే ఉంది. నెల్లూరు దగ్గర గొలగమూడిలో వెంకయ్య స్వామిని తొలిరోజుల్లో జనం ‘పిచ్చి వెంకయ్య’ అన్నారు, తర్వాత ‘భగవాన్’ అన్నారు. ఆయన గురించి వైద్యుడిలా తీర్పు చెప్పే పని ఎవరిదీ కాదు గానీ, ఊరి చూపు ఎంతగా మారగలదో అక్కడ కనపడుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షను కూడా ఇదే చెబుతుంది: మతం, జాతి, సంస్కృతి, లేదా ఊరి నమ్మకాలతో పడకపోవడం ఆధారంగా ఎవరికీ మానసిక జబ్బు ఉందని తేల్చకూడదు.

నెల్లూరు జిల్లా ఏఎస్ పేట దర్గాకు మనసు బాగాలేనివాళ్ళను తీసుకొచ్చి ఉంచే కుటుంబాలు ఎప్పుడూ కనపడతాయి. డాక్టర్లలో చాలామంది దీన్ని కొట్టిపారేస్తారు. అయితే తమిళనాడులో ఒక గుడి దగ్గర ఉండిపోయిన 31 మంది మానసిక రోగుల్ని గమనించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసినప్పుడు, కొన్ని వారాల్లో లక్షణాలు దాదాపు 20 శాతం తగ్గాయని తేలింది. ప్రత్యేకమైన పూజలేవీ లేవు. తిండి, చోటు, రోజూ చిన్న చిన్న పనులు, పోట్లాడని మనుషులు, అంతే. గుడికి రానివాళ్ళతో పోల్చి చూడలేదన్నది ఆ అధ్యయనంలో లోటు. రెండోవైపు 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా దగ్గరి షెడ్డు తగలబడి, గొలుసులతో కట్టేసి ఉన్న పాతికమందికి పైగా రోగులు కాలిపోయారు. గొలుసులతో కట్టేయడాన్ని ఇప్పుడు చట్టం నిషేధించింది. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గా దగ్గర ‘దవా–దువా’ (మందు, ప్రార్థన) పేరుతో దర్గా చూసుకునే ముజావర్లే డాక్టరు దగ్గరికి పంపే ఏర్పాటు చేశారు. మందుకూ మొక్కుకూ మధ్య ఒకటే ఎంచుకోమంటే మన కుటుంబాలు ఎటూ పోలేవు. అక్కడ ఆ చిక్కు తీసేశారు.

డాక్టర్ల మధ్యే తెగని వాదం

గొంతులు వినపడటం బీపీలాగా అందరిలో ఎక్కువతక్కువలుగా ఉండేదని, ఒక హద్దు దాటాకే జబ్బు అంటామని ఒక వర్గం. పిల్లల లెక్కలు వీళ్ళకు బలం. నెదర్లాండ్స్‌లో ఏడెనిమిదేళ్ళ వయసులో గొంతులు విన్న పిల్లల్ని అయిదేళ్ళ తర్వాత మళ్ళీ అడిగితే నాలుగింట మూడొంతుల మందికి పోయాయి. రెండో వర్గం ఒప్పుకోదు. పైకి ఒకేలా కనపడే దగ్గు జలుబుకూ వస్తుంది, క్షయకూ వస్తుంది, రెండింటినీ ఒకే గీత మీద పెడతామా అని అడుగుతుంది. ఈ మాటలో బలముంది. ‘అందరికీ ఉండేదేలే’ అనుకుని ఆ ఒంగోలు కుర్రాడిని ఏడాది అలాగే వదిలేస్తే, వైద్యం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమని తెలిసిన సంగతే.

మూడో గొంతు, గొంతులు వినేవాళ్ళదే. 1987 ప్రాంతంలో డచ్ సైకియాట్రిస్టు మారియస్ రొమ్మె తన దగ్గరికి వచ్చే ఒకామెతో కలిసి టీవీలో మాట్లాడితే గొంతులు వినే 450 మంది ఫోను చేశారు. వాటితో నెగ్గుకొస్తున్నామన్నవాళ్ళు అందులో 150 మంది. అక్కణ్ణుంచి పుట్టిన ఉద్యమం గొంతును అణిచేయడంకంటే అది ఏమంటోందో, జీవితంలో ఏ దెబ్బ తర్వాత మొదలైందో చూడాలంటుంది. చిన్నప్పటి హింసకూ తర్వాతి గొంతులకూ సంబంధం ఉందని చాలా అధ్యయనాలు చూపించాయి కూడా. అయితే దెబ్బ తిన్న ప్రతివాళ్ళకూ గొంతులు రావు, గొంతులున్న ప్రతివాళ్ళ వెనకా దెబ్బ ఉండదు. ‘చిన్నప్పుడు మీరేం చేశారు?’ అని తల్లిదండ్రుల్ని నిలదీసే దాకా వెళితే అదో అన్యాయం.

మందులతో చాలామందికి గొంతులు తగ్గుతాయి. సుమారు నాలుగోవంతు మందికి మందులు వాడుతున్నా వినపడుతూనే ఉంటాయి. అలాంటివాళ్ళ కోసం లండన్‌లో జూలియన్ లెఫ్ అనే డాక్టరు, ఆ గొంతుకు కంప్యూటర్‌లో ఒక మొహం తయారుచేసి రోగి చేత దానికి ఎదురు మాట్లాడించే పద్ధతి మొదలుపెట్టాడు. పక్క గదిలోంచి ఆ మొహానికి గొంతిచ్చేది డాక్టరే. 150 మందితో చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో, మామూలు కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ళకంటే వీళ్ళకు పన్నెండు వారాలకు గొంతుల బెడద బాగా తగ్గింది. ఇరవైనాలుగు వారాలకు చూస్తే కౌన్సెలింగ్ వాళ్ళు కూడా మెరుగుపడి, ఇద్దరి మధ్యా తేడా మిగల్లేదు.